తర్వాత వచ్చే వీడియో

ఫోను మధ్యలో ఉంది. తంబాకు డబ్బాకు ఆనించి నిలబెట్టారు దాన్ని. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, అందరి వేళ్ళకూ తంబాకు పొడి, అందరి కళ్ళూ బీడీల మీద, చెవులు మాత్రం ఫోను మీద. అది ప్రాజక్త ఫోను. భజన పాడుతోంది. పాడనీ, ఎంతసేపు పాడితే అంత మంచిది, ఈ భజన ఇవాళ్టికి అయిపోకుండా చూడు స్వామీ అని ప్రాజక్త మార్కండేయుడికి మొక్కుకుంటోంది, ఆయన భజన ఆపొద్దని ఆయనకే మొక్కడం ఏం విడ్డూరమో గాని, ఇంకెవరికి మొక్కాలి? అది అయిపోతే తర్వాతది దానంతట అదే వస్తుంది. ఏం వస్తుందన్నది ఎవరి చేతిలోనూ లేదు. పొద్దున బస్సులో తాను ఏం వెతికిందో, ఏ మొహాల దగ్గర వేలు ఆపిందో ఆ ఫోనుకు తెలుసు, గుర్తు పెట్టుకుంటుంది పాడుది, ఒకసారి నైటీ బొమ్మ చూస్తే నెలంతా నైటీలే చూపించే ఫోను అది.

కుంభారి కాలనీలో మధ్యాహ్నం లైటు పోవడం కొత్త కాదు. టీవీ బందైతే గంగుబాయికి మాత్రం కాలూ చెయ్యీ ఆడదు. కొత్త కోడలు మనీషాను వెంటబెట్టుకుని, చాట చంకన పెట్టుకుని పక్కింటి నుంచి వచ్చేసింది, నలుగురు కూడితే చెయ్యి తొందరగా ఆడుతుందని. "నీ ఫోన్ పెట్టరాదె ప్రాజక్తా, చెవులు ఉట్టిగ పడున్నయ్" అంది కూర్చుంటూనే. ఆమె ఫోను కొడుకు పట్టుకుపోయాడట, మనీషా ఫోనులో చార్జింగు లేదట, ప్రాజక్త అమ్మ సావిత్రిది బటన్ల ఫోను. కాదనడానికి ఒక్క సాకైనా దొరకాలి గదా. ఇక పెట్టాక తియ్యడం ఉండదు. తంబాకు వేళ్ళతో ముట్టుకుంటే స్క్రీను వినదు, చెయ్యి కడగాలంటే లేవాలి, లేచినదాన్ని ఎందుకు లేచావని అడుగుతారు, పని మధ్యలో లేచే ఆడదాని మీద గంగుబాయికి పుట్టెడు అనుమానాలు. అందుకే బీడీల దగ్గర ఏది వస్తే అది వింటారు, సీరియల్ అయితే సీరియల్, కీర్తన అయితే కీర్తన, ఎక్కడో పంజాబులో ట్రాక్టరు అమ్మేవాడి గోల అయినా సరే. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి చెవుల్లో ఏది పోస్తే అది పోయించుకోవడమే.

కూర్చున్న చోట కాస్త కదిలింది ప్రాజక్త. మంట. మెల్లగా ఇంకో పక్కకు ఒరిగింది. "ఏందే, జెర్రి కుట్టినట్టు మెసులుతున్నవ్?" అంది అమ్మ తల ఎత్తకుండానే. ఏం లేదు అనేసింది. మొదట్లో తానూ ఏం లేదనే అనుకుంది, తంబాకే అనుకుంది. బీడీలు చుట్టే ఇంట పుట్టిన పిల్లకు తంబాకు చేత్తో బాత్రూముకు పోతే ఎట్లా మండుతుందో చిన్నప్పుడే తెలిసిపోతుంది, ఒక్కసారి కళ్ళ నీళ్ళు కారేలా తెలిసిపోతుంది. అందుకే అమ్మతో మంట అని మాత్రం చెప్పి మిగతాది మింగేసినప్పుడు, "చేతులు కడుక్కోకుంట పోయినవా? ఎన్నిసార్లు చెప్పాలె నీకు" అని నాలుగు తిట్టి సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది. ఆ తిట్లు ఎంత హాయిగా ఉన్నాయి! అమ్మ తిట్టిందంటే అది తంబాకే అయి ఉంటుంది, తంబాకే అయితే భయమే లేదు. మోచేతుల దాకా సబ్బు పెట్టి రుద్దుకుంది, గోళ్ళు కత్తిరించుకుంది, ఆకు కత్తిరించే కత్తెరతోనే. తగ్గలేదు. తర్వాత బట్టలకు పచ్చటి మరక, ఒక వాసన, పొత్తికడుపులో పోటు, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం. తంబాకు జ్వరం తెస్తుందా? తెస్తుందనే చెబుతారు ఈ వాడలో, అడిగి చూడు, ఏ ఆడదానికి ఏ మంట ఉన్నా తంబాకు, ఏ తెల్లబట్ట అయినా ఉష్ణం. ఎంతమంది ఎన్నెన్ని బాధలు ఈ పొడి కింద కప్పి పెట్టుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

భజన ఆగింది.  స్క్రీను ఒక్క క్షణం తెల్లబడింది, తర్వాత గిన్నెల చప్పుడు, ఎవరో ఒకామె నవ్వుతూ మరాఠీలో శేంగా చట్నీ, అదే పల్లీల పొడి, ఎలా దంచాలో చెబుతోంది. ప్రాజక్త ఊపిరి వదిలింది. "మిక్సీల వేస్తదంట, గదేం చట్నీ" అని గంగుబాయి వెక్కిరించింది. వేసుకోనీ, మిక్సీలో వేసుకోనీ, రోట్లో దంచుకోనీ, అత్తా, నువ్వు దాన్ని తిడుతూ కూర్చో, నాకు అదే పదివేలు. అత్తా. ఆ మాట ఎంత ఇష్టంగా పిలిచేది ఒకప్పుడు! వాడలో పెద్దావిడను ఎవరైనా అత్తా అనే అంటారు, ప్రాజక్త మాత్రం లోపల ఇంకో లెక్కన అనేది, గంగుబాయి కొడుకు ఓంకార్ వినేలా అనేది, వాడు పెదవి కొరుక్కుని నవ్వేవాడు. కుంఠా నాకా దగ్గర టవళ్ళు నేసే పవర్‌లూమ్ షెడ్డులో వాడూ, నాన్న పోచయ్యా ఒకే చోట పని. నాన్నకు అన్నం డబ్బా ఇవ్వడానికి పోయేది తాను, ఆ మగ్గాల మోతలో మాట వినపడదు, సైగలే, సైగల నుంచి ఫోను నంబరు, నంబరు నుంచి రాత్రింబగళ్ళూ రీల్సు. వాడొకటి పంపితే తానొకటి. నోటితో చెప్పుకున్న మాటలకన్నా పంపుకున్న రీల్సే ఎక్కువ. వానలో తడిసే జంట, బైకు మీద జంట, గది తలుపు మూసుకోగానే దీపం ఆరిపోయి పొద్దున్నే పక్షులు అరిచే జంట. ఆ దీపం ఆరిన తర్వాతది ఎవరూ చూపించలేదు. మర్నాడు ఎవరికీ మంట ఉండదు, జ్వరం ఉండదు, ఆ అమ్మాయి దుప్పటి కప్పుకుని నవ్వుతుంది అంతే.

ఇంకో రీలు ఉండేది, దాన్ని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. మెడికల్ షాపు కామెడీ. ఒక కుర్రాడు నిరోధ్ అడగలేక దగ్గు మందు అడుగుతాడు, మళ్ళీ వస్తాడు, తలనొప్పి బిళ్ళ అడుగుతాడు, షాపువాడికి అర్థమై గట్టిగా అరుస్తాడు, బజారంతా నవ్వుతుంది. తానూ ఓంకారూ ఎన్నిసార్లు చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారో. తర్వాత ఒకరోజు నిజంగా అవసరం పడ్డప్పుడు, నీలం నగర్‌లో వాడి దోస్తు గది తాళం చెవి చేతిలో ఉన్నప్పుడు, ప్రాజక్తే అడిగింది, సిగ్గు చంపుకుని అడిగింది, "తెచ్చినవా?" అని. వాడి ముఖం మాడిపోయింది. "షాపుల ఎవడన్న షూట్ చేస్తే? రీల్ల ఎక్కాల్నా నేను?" అన్నాడు. ఆ వెంటనే, "గవి గలీజు ఆడోళ్ళ కాడికి పోయేటోళ్ళకు. నువ్వు గట్లదానివా?" అన్నాడు. అదీ ఎక్కడో విన్న మాటే, తనకూ తెలుసు, గులాబీ గోడల గదిలోంచి రీల్సులో మాట్లాడే ఆ హిందీ దీదీ కూడా అంటుంది, నమ్మకం ఉన్నచోట అడ్డు ఎందుకు అని, కళ్ళు మూసి తెరిచి, లక్షలమంది లైకు కొట్టారు దానికి. తానూ కొట్టింది. నువ్వు గట్లదానివా అంటే ఏ ఆడపిల్ల నోరు లేస్తుంది? 

చట్నీ అయిపోయి పెళ్ళికూతురి మేకప్పు వచ్చింది. మనీషా తల ఎత్తి ఫోను వైపు చూసింది, చేతిలో బీడీ చుడుతూనే. చేతులకు గోరింటాకు ఎప్పుడో పోయింది, తంబాకు దాన్ని తినేసింది, గాజులు మాత్రం ఇంకా కొత్తవి. భివండి పిల్ల. అక్కడా మగ్గాల వాడే, ఇక్కడా మగ్గాల వాడే, కొత్తగా ఏమీ అనిపించలేదక్కా అని వచ్చిన వారంలోనే చెప్పింది, అక్కా అని నోరారా పిలిచింది, ఆ పిలుపు విన్నప్పుడు ప్రాజక్తకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. సంబంధం కుదిరిన సంగతి ఓంకార్ తనతో చెప్పను కూడా చెప్పలేదు. ఒక రీలు పంపాడు. రైలు కిటికీ దగ్గర ఒక మగవాడు, వెనక ఏడుపు పాట, విధి ముందు మనమెంత అని ఒక ముక్క. అంతే. మనిషిని వదిలెయ్యడానికి వాడికి సొంత మాట ఒక్కటి కూడా ఖర్చు కాలేదు. ఏడిచింది, ఏడిచి ఏడిచి ఊరుకుంది, పెళ్ళికి పోయి అక్షింతలు కూడా వేసింది. ఆ తర్వాత వాణ్ణి ముట్టుకోలేదు, కళ్ళెత్తి చూడలేదు. కానీ వాడు తనలో పెట్టి పోయింది మాత్రం పోలేదు. వాడికీ మంట ఉండేది అప్పట్లో, ఉష్ణం అన్నాడు, మెడలో స్టెతస్కోపు వేసుకుని ఫోనులో మాట్లాడే ఒక డాక్టరు అమ్మే పొడి పార్సిల్ తెప్పించుకున్నాడు, పాలల్లో కలుపుకుని తాగాడు, తగ్గిపోయిందన్నాడు. ఆ డాక్టరు డాక్టరేనా అని ఎవరడిగారు? స్టెతస్కోపు ఉంది గదా.

"అబ్బా" అంది మనీషా. చాట పక్కకు పెట్టి నడుం పట్టుకుంది, మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది.

"ఏమయిందే?" అంది సావిత్రి.

"మంట లేస్తున్నది పెద్దమ్మా. కడుపుల గూడ నొస్తున్నది, కింద."

గంగుబాయి పెద్దగా నవ్వింది. "తంబాకు చేతులతోని పోయింటది. భివండిల వాళ్ళింట్ల బీడీలు లేవు గద, ఆదత్ లేదు పోరికి. నేర్చుకుంటది." తర్వాత గొంతు తగ్గించి, తగ్గించినా నలుగురికీ వినపడేలా, "మూడో నెల, సావిత్రీ. ఎవ్వరితోటి అనకు, జర గట్టిపడ్డంక చెప్దామనుకున్న" అంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. సావిత్రి అగబాయి అని సంతోషపడి, వంగి మోచేత్తో మనీషా భుజాన్ని నిమిరింది, చేతులకు తంబాకు ఉంది కాబట్టి.

ప్రాజక్త చేతిలోని ఆకు చిరిగిపోయింది. ఇంకోటి తీసుకుంది. అదీ చిరిగింది. తంబాకు కాదు. తంబాకు కాదని ఈ నలుగురిలో తనకొక్కదానికే తెలుసు. తన ఒంట్లో ఉన్నదే ఆ పిల్ల ఒంట్లో కూర్చుంది, తనకెక్కడి నుంచి వచ్చిందో అక్కడి నుంచే వచ్చింది. ఇన్నాళ్ళూ తన మంట గురించే ఏడ్చింది, తన పరువు, తన కడుపు, తనకు రేపు పెళ్ళి అవుతుందా కాదా, పిల్లలు పుడతారా పుట్టరా, ఇదే. ఆ పిల్ల సంగతి ఒక్కసారైనా తట్టలేదా? తట్టింది. నిజం చెప్పాలంటే తట్టింది, వెంటనే తోసేసింది. వాళ్ళ మొగుడూ పెళ్ళాల గొడవ నాకెందుకనుకుంది. ఇంకా పాపిష్టి మాట ఒకటి అనుకుంది, నీళ్ళు పట్టేటప్పుడు మనీషా నవ్వుతూ పోతుంటే చూసి, అనుభవించనీ అనుకుంది. ఇప్పుడు మూడో నెల అంటున్నారు. ఆ లోపలిదానికి ఏం తెలుసు? దానికెవరు చెబుతారు?

మేకప్పు ఆగింది. గులాబీ గోడలు. వచ్చింది దీదీ, వచ్చేసింది, ప్రాజక్త చెవులు గుంయ్‌మన్నాయి. పెదవులు మెరిపించుకుంటూ సీసా ఒకటి ఎత్తి చూపిస్తోంది, దగ్గరితనానికి దగ్గరి శుభ్రత కావాలంటోంది, వాసన వస్తే ఆయన దూరమైపోతాడంటోంది. "అగబాయి, గిదేంది, దానికి గూడ షాంపూనా?" అని గంగుబాయి పడీ పడీ నవ్వింది, సావిత్రి కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ సీసా ప్రాజక్త బట్టల పెట్టెలో ఉంది, సగం అయిపోయి. రోజుకు రెండుసార్లు కడిగింది దానితో, పూల వాసన కింద ఆ వాసన అలాగే ఉండేది, పోటు మాత్రం ఎక్కువైంది. దీదీ చెప్పింది గదా, అక్కలా చెప్పింది గదా. ఇంకెవరు చెప్పారు గనక? బడిలో టీచరు ఆ పాఠం వచ్చేసరికి ఇంట్లో చదువుకోండి అని పేజీలు తిప్పేసింది. ఇంట్లో టీవీలో అలాంటి ప్రకటన వస్తే నాన్నకు ఉన్నట్టుండి బీడీ వెలిగించుకోవాలనిపించి బయటికి పోయేవాడు, అమ్మ ఆకులు లెక్కపెట్టుకునేది. అందరూ తప్పుకున్న చోట దీదీ ఒక్కతే వచ్చి కూర్చుంది. కోపం వచ్చింది ప్రాజక్తకు, దీదీ మీదా, టీచరు మీదా, అమ్మ మీదా, అందరికన్నా తన మీద.

దీదీ పోయింది. నెరిసిన జుట్టు, తెల్ల కోటు, గోడకు క్యాలెండరు. పొద్దున బస్సులో చూసింది ఈమెనే, చప్పుడు తీసేసి, చున్నీ చాటున, పెదవులు కదలడం చూసింది గాని ఏం చెప్పిందో తెలియలేదు, పక్క సీట్లో ఎవరో కూర్చునేసరికి ఆపేసింది. ఇప్పుడు గొంతు వినిపిస్తోంది. అలిసిపోయిన గొంతు, నవ్వు లేదు, మెరుపు లేదు. మరాఠీలో చెబుతోంది. మంట, పచ్చటి తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే ఉష్ణం అనుకుని ఊరుకోవద్దమ్మా అంటోంది. సీసాలతో కడగవద్దు, పొడులు తాగవద్దు. ఇది ఒకరి నుంచి ఒకరికి వచ్చే జబ్బు కావచ్చు, పరీక్ష చేస్తే తెలుస్తుంది, బిళ్ళలతో పోతుంది...

"ఛీ, బంద్ చెయ్యి గా ఘాణ, గా గలీజు" అంది గంగుబాయి. నవ్వడం లేదు ఇప్పుడు. "పెండ్లి కాని పోరి ఉన్నది ఈడ. బంద్ చెయ్యే."

ప్రాజక్త చెయ్యి చాచింది. చాచేసింది, ఆలోచించకుండానే, ఎవరో పట్టి లాగినట్టు. వేలితో నొక్కింది. స్క్రీను వినలేదు. తంబాకు వేలు. డాక్టరమ్మ చెబుతూనే ఉంది. మగవాడికి బయటికి తగ్గినట్టు కనిపించినా లోపల ఉండిపోతుంది, అందుకే ఒక్కరు వాడితే లాభం లేదు, భార్యా భర్తా ఇద్దరూ కలిసి రావాలి. కడుపుతో ఉన్నవాళ్ళు అస్సలు ఆలస్యం చేయకూడదు, ఇది బిడ్డకు అంటుతుంది, పుట్టేటప్పుడు కళ్ళకు... ప్రాజక్త లంగాకు వేలు తుడుచుకుని మళ్ళీ నొక్కింది. గొంతు ఆగిపోయింది.

 కత్తెరల చప్పుడు ఒక్కటే. గంగుబాయి లేచింది, "ఏమేం వస్తయో ఏమో ఫోన్ల, కడుపుతోటి ఉన్నోళ్ళు వినేటిదేనా గది? ఆగు మనీషా, ధనియాల నీళ్ళు తెస్త, చల్లగైతది" అనుకుంటూ తన ఇంట్లోకి పోయింది.

మనీషా ఆగిపోయిన ఫోను వైపే చూస్తోంది. తెల్ల కోటు ఆమె నోరు సగం తెరిచి నిలిచిపోయింది అందులో. "నిజమేనా అక్కా?" అంది మెల్లగా, మెత్తగా, చదువుకున్నదానివి నీకు తెలుసు గదా అన్నట్టు. "ఆమె చెప్పినయన్ని నాకున్నయ్. బిడ్డకు అంటుతదంటున్నది."

అదేదో పిచ్చి వీడియో అనొచ్చు. దానంతట అదే వచ్చింది, నాకేం తెలుసు అనొచ్చు. ఆ పిల్ల నమ్ముతుంది, ధనియాల నీళ్ళు తాగుతుంది, చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటుంది, నెలలు నిండుతాయి. తాను ఎప్పుడో ఒకరోజు దవాఖాన లైనులో బుర్ఖా ఆడవాళ్ళ వెనక ముఖం దాచుకుని మందు తెచ్చుకుంటుంది, ఎవరికీ తెలియదు, పెళ్ళి అవుతుంది. లేదంటే, నువ్వూ నీ మొగుడూ దవాఖానకు పొండి అని చెప్పి ఊరుకోవచ్చు, అదైనా మంచి మాటే గదా. కానీ ఈ కొత్త కోడలు అన్నదని ఓంకార్ కదులుతాడా? నువ్వే ఎక్కడి నుంచో తెచ్చావు, భివండి నుంచి తెచ్చావు అంటాడు. అంటాడు వాడు, వాడి నోటికి ఆ మాట సిద్ధంగా ఉంటుంది, నువ్వు గట్లదానివా అన్న నోరే గదా. గంగుబాయి అరుస్తుంది, వాడకట్టు మొత్తం ఆ పిల్ల మీద ఉమ్మేస్తుంది. ఆ పిల్లది కాదు అని చెప్పగలిగింది ఈ భూమ్మీద తానొక్కతే. అమ్మ లేచిపోతే బాగుండు. లే అమ్మా, నీళ్ళు పట్టడానికైనా లే. సావిత్రి లేవలేదు, బీడీ మూతి మడుస్తూ కూర్చుంది. గంగుబాయి ఇంట్లో గిన్నె చప్పుడైంది. ప్రాజక్త చాట పక్కకు పెట్టింది.

"సివిల్ దవాఖానకు పోదాం రేపు" అంది.

"అత్త పోనిస్తదా?"

"ఓంకార్ను గూడ తీస్కపోవాలె. రానంటే నేను చెప్త, నేను చెప్తే వస్తడు. తంబాకు కాదు మనీషా. ముగ్గురం పోవాలె."

"ఇద్దరు అన్నది గద ఆమె" అంది మనీషా. అమాయకంగానే అంది, ఫోను చూపిస్తూ అంది. "మొగుడు, పెండ్లాం. మూడో మనిషెవరక్కా?"

సావిత్రి చేతులు ఆగిపోయాయి. ఆమెకు ముందే అర్థమైంది, తల్లి గనక. వద్దే, అన్నట్టు కూతురి వైపు చూసింది. ఇంత భయం అమ్మ కళ్ళలో ప్రాజక్త ఎన్నడూ చూడలేదు.

"నేను" అంది ప్రాజక్త. "నీ పెండ్లికి ముంగట నుంచి. నాకున్నదే నీకొచ్చింది."

 మనీషా రెండు చేతులూ తంబాకుతోనే కడుపు మీద పెట్టుకుని, కూర్చున్న చోటు నుంచి వెనక్కి, గోడ దాకా జరిగింది.